డి-90కి రెండు వైపులా

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో గోడ గడియారాలు ఉన్నా వాటివైపు ఎవరూ చూసేవాళ్లు కాదు. పొద్దున వర్క్‌షాపు సైరన్ కూస్తే నాన్న వరండాలోంచి సైకిలు కిందికి దించేవాడు. మధ్యాహ్నం కూస్తే అమ్మ పొయ్యి మీది పప్పు దించేది. సాయంత్రం కూస్తే మెట్టుగూడ రోడ్డు నిండా గ్రీజు మరకల చొక్కాలు, సైకిలు బెల్లులు. నిజాం కాలంలో, 1893లో పెట్టిన వర్క్‌షాపు అది. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పోయి, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చినా లోపలి పని మారలేదు. తుప్పు పట్టిన బోగీ లోపలికి వెళ్లేది, కొత్త రంగుతో బయటికి వచ్చేది. ఆ మధ్య జరిగేదంతా మాకు చెవులకే తెలుసు. రేకు మీద సుత్తి, సుత్తి వెనక సుత్తి, వాటన్నిటి కింద ఏదో పెద్ద యంత్రం ఆగకుండా మూలిగే బరువైన ధ్వని. పరీక్షలకి ఆ మోతలోనే చదివేవాళ్లం. సెలవు రోజు ఆ మోత లేకపోతే పిల్లలకి నిద్ర పట్టేది కాదని అమ్మ అనేది.

1980ల తొలి సంవత్సరాల సంగతి ఇది. క్వార్టర్లు రాతి గోడలవి, పైన పెంకులు, ముందు చెక్క జాలీ వరండా. కట్టినవాళ్లెవరో ఇంగ్లండులో తాము వదిలి వచ్చిన రైల్వే పట్టణాన్ని ఇక్కడ మళ్లీ నిలబెట్టుకోవాలనుకున్నట్టు ఉండేది కాలనీ అంతా. చర్చి, ఇన్‌స్టిట్యూటు, బిలియర్డ్స్ బల్ల, చెక్క పలకల డాన్సు హాలు. వాటి మధ్య మన వేపచెట్లు, మన బోరింగులు, బోనాలప్పుడు ఘటం వెంట వెళ్లే డప్పులు. సౌత్ లాలాగూడ వైపు చాలా ఇళ్లు ఆంగ్లో ఇండియన్లవి. ఇంజన్ డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. మా పక్క క్వార్టర్‌లో ఉండే అంకుల్ ఇంజన్ డ్రైవరు. ఆయన రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే బూట్ల చప్పుడుకి వీధి కుక్కలు కూడా మొరిగేవి కావు.

క్రిస్మస్‌కి వాళ్లింటి నుంచి పళ్లెం నిండా కుల్‌కుల్స్ వచ్చేవి. మా అమ్మ సంక్రాంతికి గవ్వలు పంపేది. రెండూ ఒకే పిండి, ఒకే వంపు, ఒకే పాకం. మా అక్కకీ నాకూ ఈ సంగతి ఎంతో గొప్పగా ఉండేది. ఎవరి దగ్గరి నుంచి ఎవరు నేర్చుకున్నారో అడిగితే అమ్మ, ఆంటీ ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లు.

అంకుల్ పెద్దకొడుకుని నేను అన్నా అని పిలిచేవాణ్ని. నాకన్నా చాలా పెద్ద. పగలు వర్క్‌షాపులో అప్రెంటిస్, సాయంత్రం గిటారు. వరండా మెట్ల మీద కూర్చుని వాయిస్తుంటే నేను గోడకి ఇవతల నిలబడి వినేవాణ్ని. ఒకరోజు అంకుల్ చూసి, "ఏం బాబూ, దొంగలాగ అక్కడెందుకు? లోపలికి రా, కూర్చో" అన్నాడు. ఆయన తెలుగు ఎప్పుడూ అంత ముక్కుసూటిగానే ఉండేది. ఆ రోజు నుంచి ఆ మెట్లు నావి కూడా అయ్యాయి.

మా ఇంట్లో పాట అంటే వేరు. అమ్మకి రేడియో సిలోన్‌లో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపిస్తే చేతిలో పని ఆగేది. అక్కకి ఇళయరాజా. నాన్న ఏదీ అడిగి వినేవాడు కాదు, ఏదైనా వింటే మాత్రం కళ్లు మూసుకునేవాడు. పక్కింట్లో అంకుల్‌కి జిమ్ రీవ్స్ కావాలి, ఆంటీకి క్లిఫ్ రిచర్డ్ కావాలి. వాళ్లిద్దరూ లేనప్పుడే అన్న తన క్యాసెట్టు పెట్టేవాడు. దుబాయి నుంచి వచ్చిన ఎవరో చుట్టం తెచ్చిన టూ-ఇన్-వన్‌లో. క్యాసెట్టు డి-90, అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. ఒకవైపు డీప్ పర్పుల్ 'మెషీన్ హెడ్', రెండో వైపు లెడ్ జెపెలిన్ నాలుగో ఆల్బమ్. ఒక్కో ఆల్బమ్ సరిగ్గా ఒక్కో వైపు పట్టేది, ఏ పాటా మధ్యలో తెగేది కాదు. అసలు ఎల్పీ ఎవరి దగ్గరుందో, దాన్నుంచి ఎవరు టేపుకి ఎక్కించుకున్నారో, ఆ టేపు నుంచి మళ్లీ ఎవరెవరు ఎక్కించుకున్నారో అన్నకి కూడా తెలియదు. అట్ట మీద నీలం ఇంకుతో పాటల పేర్లు, రెండు మూడు చోట్ల తప్పు స్పెల్లింగులతో.

టేపు నుంచి టేపుకి ఎక్కించిన ప్రతిసారీ పాట కొంత పోగొట్టుకుంటుంది. ముందు పోయేవి పైస్వరాలు. తాళాల మెరుపు, గిటారు తీగ మీద గోరు చప్పుడు, గొంతు చివర గాలి, ఇవన్నీ ఒక పల్చటి హిస్సు ధ్వనిలో కలిసిపోతాయి. కింద ఉన్న డ్రమ్ము, బేసు మాత్రం ఎన్ని చేతులు మారినా మిగులుతాయి. కాబట్టి లాలాగూడకి చేరిన హార్డ్ రాక్ లండన్‌లో వాళ్లు విన్న హార్డ్ రాక్ కాదు. మాకు చేరింది దాని పునాది. చాలా ఏళ్ల తరవాత అదే ఆల్బమ్‌ని సీడీ మీద వింటే తాళాలు ఇంత మోగుతాయా అని ఆశ్చర్యపోయాను. కానీ నా చెవికి హార్డ్ రాక్ అంటే ఇప్పటికీ ఆ కింది బరువే. కొత్త ఆల్బమ్ ఏది విన్నా నేను ముందు వెతికేది దాన్నే.

ఒక ఆదివారం రెండో వైపు చివరి పాట నడుస్తోంది. 'వెన్ ద లెవీ బ్రేక్స్'. నాన్న ఏదో పని మీద అంకుల్ కోసం వచ్చి, గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోలేదు. పాట అయిపోయాక నన్ను అడిగాడు, "ఆ డోలు కొట్టేది ఎవడ్రా?"

"తెలీదు నాన్నా, ఇంగ్లీషువాడు."

"ఎవడైతేనేం, సుత్తి పట్టిన చెయ్యి అది. దెబ్బ పడ్డాక చెయ్యి వెనక్కి తీసుకునే తీరు చూస్తే తెలుస్తుంది. కంగారు లేదు వాడికి."

నాన్న ఫిట్టరు. చప్పుడు వింటే ఏ పట్టాలో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. ఆ డ్రమ్మరు జాన్ బోనమ్ అనీ, చదువు మానేశాక తండ్రి దగ్గర వడ్రంగం పని నేర్చుకున్నవాడనీ నేను చదివి తెలుసుకునేసరికి నాన్న రిటైరయ్యాడు. చెబితే, "మరి?" అన్నాడు, అంతే.

హార్డ్ రాక్ పుట్టిన నేల గురించి తెలుసుకున్నకొద్దీ నాన్న మాట నాకు ఇంకా లోతుగా అర్థమైంది. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఊళ్లలో ఈ సంగీతంలో సగం పుట్టింది. బ్లాక్ సాబత్ గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గడానికి తీగల బిగువు సడలించాడు. ఆ సడలిన తీగల్లోంచే ఆ బరువైన ధ్వని వచ్చింది. అంటే ఆ సంగీతానికి ఫ్యాక్టరీ నేపథ్యం మాత్రమే కాదు, వాయిద్యంలోకే దిగిన భాగం. వర్క్‌షాపు పక్కన పెరిగిన మాకు భాష తెలియకపోయినా, ఆ పాటల మాటలు సగం వినపడకపోయినా అది పరాయి సంగీతంగా ఎప్పుడూ అనిపించలేదు. మా గోడ అవతల రోజూ మోగేదానికి ఎవరో వరస కట్టినట్టుండేది.

క్రిస్మస్ డాన్సు రోజున ఇన్‌స్టిట్యూటు హాలు నేల జారడానికి క్యారమ్ బోర్డు పౌడరు చల్లేవాళ్లు. పిల్లల్ని కిటికీ దాకే రానిచ్చేవాళ్లు. పెద్దవాళ్ల వాల్ట్‌జులు, జైవులు అయ్యాక, హౌసీ ఆట ముగిశాక, కాళ్లు నొప్పి పుట్టి అందరూ కుర్చీల్లో కూర్చున్న వేళకి అన్నకీ వాళ్ల స్నేహితులకీ వేదిక దొరికేది. వాళ్లు డీప్ పర్పుల్ 'స్మోక్ ఆన్ ద వాటర్' మొదలుపెట్టగానే హాలు అద్దాలు అదిరేవి. ఆ మొదటి వరస ప్రపంచంలో గిటారు పట్టిన ప్రతి పిల్లాడూ ఒక్క తీగ మీద వాయించేదే. అన్న నాకు నేర్పినప్పుడు మొదట చెప్పింది అది తప్పని. "ఒక్క తీగ కాదురా. రెండు తీగలు కలిపి వేళ్లతో గిల్లాలి. ప్లెక్ట్రమ్ పక్కన పెట్టు." ఆ బ్యాండు గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ అలాగే వాయించాడు. అరిగిపోయిన టేపులోంచి ఆ సూక్ష్మం పట్టుకున్నాడు మా అన్న. ఆ చెవిని నేను ఇవాళ్టికీ గౌరవిస్తాను.

ఆ పాట ఎక్కడిదో కూడా అన్నే చెప్పాడు. 1971 డిసెంబరులో డీప్ పర్పుల్ వాళ్లు స్విట్జర్లండులోని మాంట్రో వెళ్లారు, అక్కడి కాసినోలో రికార్డు చేయాలని. రికార్డింగుకి ముందురోజు ఫ్రాంక్ జాపా కచేరీలో ఎవరో ప్రేక్షకుడు నిప్పు పేల్చాడు, కాసినో కాలిపోయింది. సరస్సు మీద పొగ పరుచుకోవడం వీళ్లు హోటల్లోంచి చూశారు. దాన్నే పాట చేశారు. చివరికి చలికాలానికి మూతపడ్డ గ్రాండ్ హోటల్ వరండాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని, బయట నిలిపిన రికార్డింగు లారీకి తీగలు లాగి ఆల్బమ్ పూర్తి చేశారు. రెండో వైపు ఆల్బమ్‌కీ అలాంటి కథే ఉంది. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవనం, 1795లో దిక్కులేని పేదల కోసం కట్టింది. దాని మెట్ల హాల్లో కింద డ్రమ్స్ పెట్టి, పైఅంతస్తు నుంచి మైకులు వేలాడదీశారు. నాన్నని గడప దగ్గర నిలబెట్టిన ఆ దెబ్బలో బోనమ్ చేయి ఎంతో ఆ మెట్ల గోడలూ అంతే ఉన్నాయి.

ఆ 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాట లెడ్ జెపెలిన్ సొంతం కూడా కాదు. 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు రికార్డు చేసినది, 1927 నాటి మిసిసిపీ వరద గురించి. వరద పాట అని తెలిశాక నాకు మా నాయనమ్మ చెప్పే మూసీ గుర్తొచ్చింది. 1908 సెప్టెంబరు వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి బతికినవాళ్ల గురించి ఆమె వాళ్లమ్మ చెప్పగా విని మాకు చెప్పేది. తను చూడని వరదని చూసినట్టే చెప్పేది, నీళ్ల చప్పుడుతో సహా. ఇంగ్లండులో పుట్టిన కుర్రాళ్లు చూడని మిసిసిపీని పాడటం నాకు తప్పనిపించకపోవడానికి ఆమె కూడా ఒక కారణం.

అలాగని అప్పులన్నీ తీర్చారని కాదు. లెడ్ జెపెలిన్ 'హోల్ లాటా లవ్'లో విల్లీ డిక్సన్ రాసిన పాట పోలికలున్నాయి. మడీ వాటర్స్ దాన్ని 1962లో పాడాడు. డిక్సన్ 1985లో దావా వేసి, రెండేళ్లకి రాజీ కుదిరాకే ఆయన పేరు ఆ పాట మీదికి ఎక్కింది. పేరు చెప్పకుండా తీసుకోవడం అన్యాయం, దానికి వేరే మాట లేదు. కానీ తీసుకోవడం, మరో చోట మరో గొంతులో మళ్లీ పాడటం, అది లేకపోతే ఈ సంగీతమే లేదు. లాలాగూడ మెట్ల మీద నేను విన్నది కూడా లేదు.

మేం తొమ్మిది, పదో తరగతులకి వచ్చేసరికి ఆ వీధి ఖాళీ కావడం మొదలైంది. ఒక్కో కుటుంబమే ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. మా పక్కవాళ్లకీ పెర్త్ నుంచి కాగితాలు వచ్చాయి. మంచాలు, భోజనాల బల్ల, అద్దాల బీరువా వీధిలో పెట్టి అమ్మారు. రికార్డులన్నీ తీసుకెళ్లారు. అన్న డి-90 నాకిచ్చాడు. ఇన్‌స్టిట్యూటులో డాన్సు కొన్నాళ్లు సాగింది, తరవాత పెళ్లిళ్లకి హాలు అద్దెకివ్వడం మొదలైంది. అదే చెక్క నేల మీద బరాత్ వాళ్లు తీన్మార్ ఆడుతుంటే నేను డ్రమ్ములే వింటూ నిలబడేవాణ్ని. ఆ టేపు చివరికి ఎండకి ముడుచుకుపోయింది.

ఇదంతా ఇంత వివరంగా మళ్లీ నా ముందుకు వచ్చింది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో. డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, మా మేనల్లుడు వాళ్లలో ఒకడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు, "మామయ్యా, నువ్వు వినే ఆ పాత గోల ఇప్పుడు వాయించే పిల్లల ఊరు ఇక్కడికి దగ్గరే" అని కారెక్కించాడు. ఉత్తరానికి గంటన్నర ప్రయాణం. ఊరి పేరు ఫ్రాంకెన్‌మూత్. సుమారు 5,000 మంది ఉండే పట్టణం. 1845లో జర్మనీలోని ఫ్రాంకోనియా నుంచి వచ్చిన లూథరన్లు నెలకొల్పారు. ఊరి నడివీధి అంతా బవేరియా పల్లెలాగా చెక్క దూలాలు కనిపించే ఇళ్లు, గంటల గోపురం, కాస్ నది మీద కప్పు వేసిన చెక్క వంతెన, కుటుంబాలకి కుటుంబాలు వచ్చి తినే చికెన్ భోజనాలు, ఏడాది పొడవునా తెరిచి ఉండే బ్రహ్మాండమైన క్రిస్మస్ సామాన్ల దుకాణం. ఆ వీధిలో నడుస్తుంటే లాలాగూడ క్వార్టర్ల మధ్య నడిచినట్టే ఉంది. ఎక్కడో వదిలి వచ్చిన ఊరిని ఇక్కడ మళ్లీ కట్టుకున్న మనుషులు. వాళ్ల పిల్లలకి ఆ రెండో ఊరే మొదటి ఊరు.

ఆ పిల్లలే గ్రెటా వాన్ ఫ్లీట్. జోష్, జేక్ కవలలు, వాళ్ల తమ్ముడు సామ్, ఇంటి పేరు కిస్కా. డ్రమ్స్ మీద స్నేహితుడు డానీ వాగ్నర్. ఇంట్లో తండ్రి దగ్గరున్న బ్లూస్ రికార్డులు విని పెరిగారు. బ్యాండుకి ఊళ్లో ఒక పెద్దావిడ పేరులోంచి ఒక అక్షరం తీసేసి పెట్టుకున్నారు. 2017లో 'హైవే ట్యూన్' పాట వచ్చినప్పటి నుంచి వాళ్ల మీద ఒకే అభియోగం, లెడ్ జెపెలిన్‌ని దించేశారని. వాళ్ల 'ఫ్రమ్ ద ఫైర్స్' రికార్డుకి 2019లో గ్రామీ వచ్చింది. దానికి కొన్ని నెలల ముందే మొదటి పూర్తి ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ పత్రిక పదికి 1.6 వేసింది. జోష్ గొంతు ఎత్తగానే లెడ్ జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గుర్తుకు రాకుండా ఉండడు, అది నిజం. కాపీ మీద కాపీ విని సంగీతం నేర్చుకున్న వీధి నాది. పోలికని చూపించి తీర్పు ముగించడం నాకు చేతకాదు. పోలిక దగ్గర నా ప్రశ్న మొదలవుతుంది. ఆ తీసుకున్నదాంట్లో వీళ్లు తమ ఊరిని పెట్టారా?

2023 జులైలో వచ్చిన మూడో ఆల్బమ్ 'స్టార్‌క్యాచర్'ని ఆ ప్రశ్నతోనే విన్నాను, ఎన్నో సార్లు. దీనికి ముందు వచ్చిన 'ద బ్యాటిల్ ఎట్ గార్డెన్స్ గేట్' గంట దాటిన ఆల్బమ్. తంత్రీవాద్యాల హంగులు, పొడవాటి ఆలాపనలు, అడుగడుగునా గుడి గోపురమంత ఎత్తు. కొత్తది పది పాటలు, 45 నిమిషాలలోపు. డి-90కి ఒక వైపు పట్టే కొలత. ఆ క్రమశిక్షణ వాళ్లకి ఎంతో మేలు చేసింది. 'రన్‌వే బ్లూస్' నిమిషం పైచిలుకే ఉంటుంది. వేగంగా వచ్చి, అందుకునేలోపే దాటిపోతుంది. రిహార్సల్ గది తలుపు ఎవరో తెరిచి మూసినట్టుండే ఆ పాట ఆల్బమ్‌లో నాకు ఎంతో ఇష్టమైనది. ఆ వయసు కుర్రాళ్లు కలిసి వాయించే సంతోషం మరే పాటలోనూ అంత తేటగా లేదు.

నిర్మాత డేవ్ కాబ్. రికార్డు చేసింది నాష్‌విల్‌లోని ఆర్‌సీఏ స్టూడియో ఏలో. 1960ల మధ్యలో తెరిచిన పెద్ద హాలు, ఒకేసారి పెద్ద వాద్యబృందం కూర్చుని వాయించడానికి కట్టింది. 2014లో కూల్చివేత దాకా వచ్చి, దాని మీద ప్రేమ ఉన్నవాళ్లు కొని నిలబెట్టడంతో బతికింది. ఈ ఆల్బమ్‌లో ఆ హాలు వినిపిస్తుంది. 'ఫేట్ ఆఫ్ ద ఫెయిత్‌ఫుల్'లో వాగ్నర్ డ్రమ్ము పడ్డాక, దెబ్బకీ దెబ్బకీ మధ్య గాలి కదులుతుంది. 'సేక్రెడ్ ద థ్రెడ్'లో లయ నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది, తొందరపడదు. నాన్న ఉండి ఉంటే ఆ పాట దగ్గర ఆగేవాడని నా నమ్మకం. వాగ్నర్ బోనమ్ అంత లోతుకి వెళ్లడు గానీ ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు. ఈ నలుగురిలో అందరికన్నా ఎదిగినవాడు అతనే అని నాకనిపిస్తుంది.

జేక్ గిటారు దగ్గర నా మెప్పుకి హద్దు ఉంది. అతని పాత గిబ్సన్ ఎస్‌జీ ధ్వని గొప్పది, పొడిగా, కొంచెం గరుకుగా, తీగ మీద వేలి కదలిక తెలిసేలా. 'ద ఫాలింగ్ స్కై'లో హార్మోనికాతో కలిసి అతను వాయించేచోట ఇల్లు తెలుస్తుంది, తండ్రి రికార్డులు తెలుస్తాయి. కానీ గుర్తుండిపోయే వరసలు తక్కువ. అరిగిన టేపులోంచి కూడా పట్టుకోగలిగిన నాలుగు స్వరాల వరసలు ఈ ఆల్బమ్‌లో ఒకటో రెండో ఉన్నాయి. హార్డ్ రాక్‌లో అది చిన్న లోటు కాదు. ధ్వని అందం మొదటిసారి వినేదాకే మోస్తుంది, రెండోసారి నుంచి వరసే మోయాలి.

జోష్ గొంతు మీద విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వాళ్లలో లేను. అది పై స్థాయిలో పగులుతూ, వణుకుతూ నిలబడుతుంది. 'మీటింగ్ ద మాస్టర్' మామూలు గిటారుతో మెల్లగా మొదలై, మెట్టుమెట్టుకీ పెరిగి, చివరికి కేకగా మారుతుంది. ఆ ఎక్కడంలో అతను ఎవరినీ అనుకరించడం లేదు. భక్తుడు గురువుని చూసినప్పటి ఆనందం ఉంది అందులో, భజన మందిరంలో తెల్లవారుజాము దాకా కూర్చున్నవాళ్లకి బాగా తెలిసిన ఆనందం. ఈ ఒక్క పాట కోసం ఆల్బమ్ కొనవచ్చని నేను నమ్ముతాను.

అసలు కొరత మాటల్లో ఉంది. విలుకాళ్లు, యోధులు, విశ్వాసులు, గురువులు, నక్షత్రాలు, నీలి చారలు. పాట తరవాత పాట ఆకాశంలోనే తిరుగుతుంది. ఫ్రాంకెన్‌మూత్ ఎక్కడా లేదు. ఆ ఊరికి కాస్త దూరంలో సాగినా పట్టణం, జనరల్ మోటర్స్ ఇంజన్లకి ఇనుము పోసిన ఫౌండ్రీల ఊరు. ఇంకొంచెం దూరంలో ఫ్లింట్, కార్ల కార్మికుల ఊరు, గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్ బ్యాండు పుట్టిన చోటు. ఆ ఫౌండ్రీలు చాలావరకు మూతపడ్డాక ఆ వీధులు ఏమయ్యాయో మేనల్లుడి కారులోంచి నేనే చూశాను, పలకలు కొట్టి మూసేసిన కిటికీలు, గడ్డి మొలిచిన పార్కింగు స్థలాలు. చిన్న వయసులో ఆ చుట్టుపక్కల బార్లలో వాయించిన పిల్లలు వీళ్లు. వాళ్లు చూడకుండా ఉంటారా? మరి ఆ చూపు పాటలోకి ఎందుకు దిగలేదు? మాంట్రోలో కాలిన కాసినో పాటలో ఉంది. మిసిసిపీ వరద పాటలో ఉంది, రెండు తరాలు దాటి, సముద్రం దాటి వచ్చాక కూడా ఉంది. తెచ్చుకున్న ధ్వనిని సొంతం చేసేది అదే. ఇన్‌స్టిట్యూటులో అన్న వాయించింది పరాయి పాటే, కానీ మధ్యలో పది నిమిషాలు డ్రమ్ములు వాయించేటప్పుడు వాళ్ల స్నేహితుడు వర్క్‌షాపు సుత్తి లయ దించేవాడు, హాల్లో ఉన్న ఫిట్టర్లందరూ బల్లలు చరిచేవాళ్లు. అది మాంట్రోలో లేదు, హాంప్‌షైర్‌లో లేదు. అది లాలాగూడది.

'స్టార్‌క్యాచర్'కి కూడా తరవాతి ఏడాది గ్రామీలకి నామినేషన్ వచ్చింది, బహుమతి రాలేదు. నాకైతే ఇది వాళ్ల మూడు ఆల్బమ్‌లలో మంచిది. హాలుని వినడం నేర్చుకున్నారు, పొడవు తగ్గించుకున్నారు, నలుగురూ ఒకరికొకరు చోటిచ్చుకుంటున్నారు. చివరి పాట 'ఫేర్‌వెల్ ఫర్ నౌ'లో నేల మీది మనుషుల ఛాయ కొంచెం కనిపిస్తుంది, కచేరీ అయిపోయి జనం దగ్గర సెలవు తీసుకునే నలుగురు కుర్రాళ్లు, అలసట, కృతజ్ఞత. ఆల్బమ్ అక్కడికి వచ్చేసరికి ఇదే మొదటి పాట అయి ఉంటే ఎంత బాగుండేదని ప్రతిసారీ అనుకుంటాను. ఈ గొంతు, ఈ డ్రమ్ములు, ఆ కాస్ నది వంతెన, సాగినా ఫౌండ్రీల్లో పనిచేసిన వాళ్ల తాతల తరం, ఇవన్నీ కలిసిన ఒక్క పాట వాళ్ల దగ్గరి నుంచి నాకు కావాలి. ఇంత చిన్న వయసుకే వాయిద్యాల మీద ఇంత అధికారం సంపాదించినవాళ్లకి అది అందని పని కాదు.